గతిపాలక చక్రము: కుమ్మరి సారె నుండి డీజిలు కారు వరకు

కుమ్మరి కర్రతో సారెను నాలుగైదు మారులు బలముగా త్రిప్పి, కర్రను ప్రక్కన పెట్టి, రెండు చేతులను మట్టిపై ఉంచును. సారె తనంతట తానే తిరుగుచుండును. కుండ రూపు దిద్దుకొనును. అతడు కొద్ది క్షణములలో ఇచ్చిన శక్తిని బరువైన ఆ చక్రము దాచుకొని, పని జరుగు సేపు కొంచెము కొంచెముగా తిరిగి ఇచ్చుచున్నది. ఇదే గతిపాలక చక్రము. వాడుకలో దీనిని ఫ్లైవీలు అందురు. నేటి డీజిలు కారులో క్లచ్చికి వెనుక దాగియున్న ఇనుప బిళ్ల ఈ సారెకు వారసురాలే.

ఆవిరి యంత్రము మొదట నీరు తోడుటకు మాత్రమే పనికివచ్చెను. ముందుకు వెనుకకు ఆడు పిస్టను చలనమును చక్ర చలనముగా మార్చినగాని మిల్లులు నడువవు. క్రాంకుపై పేటెంటు 1780లో జేమ్స్ పికార్డుకు దక్కెను. జేమ్స్ వాట్ దానిని తప్పించుకొనుటకు 1781లో ఒక పళ్లచక్రము చుట్టు మరియొకటి తిరుగు ఏర్పాటును పేటెంటు చేసెను. దారి ఏదైనను చిక్కు ఒకటే. పిస్టను తన దారికి ఒక కొసను చేరి నిలుచు క్షణమున త్రిప్పు బలము శూన్యము. ఆ క్షణమును దాటించునది పెద్ద గతిపాలక చక్రమే.

రుడాల్ఫ్ డీజిల్ యంత్రము 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో జయప్రదముగా పరీక్షింపబడెను. ఇందులో నిప్పురవ్వ లేదు. గాలిని మిక్కిలిగా నొక్కినప్పుడు పుట్టు వేడికే నూనె మండును. అంతగా నొక్కుటకు చాల శక్తి కావలెను. నాలుగు ఘాతముల యంత్రములో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే శక్తి నిచ్చును; మిగిలిన మూడు ఘాతములలో శక్తిని పుచ్చుకొనును. కనుకనే డీజిలు యంత్రమునకు బరువైన చక్రము తప్పనిసరి.

డెల్టాలో ఆయిలింజను

1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి డెల్టాను వరిపొలములతో నింపెను. ధాన్యముతో పాటు మరలు కూడ వచ్చినవి. విద్యుత్తు పల్లెలకు చేరకముందు, రాయవరము వంటి గ్రామములున్న ఈ సీమలో మర ఆడించుటకు, నీరు తోడుటకు ఆయిలింజనే ఆధారము. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ 1946లో స్థాపింపబడెను. ఇంగ్లండు లిస్టరు యంత్రము నమూనాను అనుసరించి రాజకోటలోను ఇంజనులు తయారైనవి. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఆరు అశ్వశక్తుల లిస్టరునకు ఇరువైపుల రెండు పెద్ద చక్రములుండును.

దీనిని నడపు తీరే ఒక భౌతికశాస్త్ర పాఠము. మొదట వాల్వును తెరచి ఉంచి, హ్యాండిలుతో చక్రములను వేగముగా త్రిప్పుదురు. గాలి నొక్కబడదు గనుక చేతికి భారము తక్కువ. వేగము చాలినంత పెరిగిన పిమ్మట వాల్వును విడుతురు. మనిషి చేయి ఒక్కపట్టున నొక్కలేని గాలిని చక్రములలో చేరిన శక్తి నొక్కును, ఇంజను అందుకొనును.

కారులోనికి వచ్చినది

1936లో జర్మనీలో వెలువడిన మెర్సిడెస్-బెంజ్ 260 డి, పెద్ద సంఖ్యలో తయారైన తొలి డీజిలు కార్లలో ఒకటి. మన దేశమున అంబాసిడరు కారు 1980 ప్రాంతమున డీజిలు ఇంజనుతోను రాసాగెను. 2014లో దాని తయారీ నిలిచిపోవు వరకు టాక్సీగా అది ఎన్నో ఊళ్లకు సేవ చేసినది.

కారు చక్రము చిన్నది; వేగమెక్కువ. ఉదాహరణకు 10 కిలోల బరువు, 14 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల బిళ్లను తీసికొందము. దాని జడత్వ భ్రామకము ద్రవ్యరాశిని వ్యాసార్ధ వర్గముతో గుణించి సగము చేయగా 0.098 కిలోగ్రాము-చదరపు మీటరు. నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు దాని గతిజ శక్తి సుమారు 344 జౌలులు. అనగా అదే బిళ్లను మూడున్నర మీటర్ల ఎత్తునకు లేపు శక్తి. వేగము 4,000 చుట్లయినచో, అనగా ఐదు రెట్లయినచో, శక్తి ఇరువదియైదు రెట్లగును. సుమారు 88 మీటర్ల ఎత్తునకు లేపగలదు. కోనసీమ కొబ్బరిచెట్లను నాలుగింటిని ఒకదానిపై ఒకటి నిలిపినంత ఎత్తు!

ఇందులోనే మేలును, అపాయమును కలవు. తిరుగు చక్రపు అంచు బయటికి చీలిపోజూచును; ఆ లాగుడు వేగపు వర్గమును బట్టి పెరుగును. పోతయినుము నొక్కుడును బాగుగా ఓర్చును, లాగుడును అంతగా ఓర్వదు. అందుకే ఆకులు గల పెద్ద పోతయినుప చక్రముల అంచు నిమిషమునకు మైలు, అనగా సెకనుకు సుమారు 27 మీటర్ల వేగమును మించరాదని పూర్వపు ఇంజనీర్లు నియమము పెట్టుకొనిరి. కారు చక్రము నిండు బిళ్ల గనుక ఎక్కువ ఓర్చును. కాని దానిలో పగులు పుట్టినచో ఆ లెక్క చెల్లదు.

చప్పుడు ఎక్కడిది?

పాత డీజిలు కారు ఊగినను, టకటక మ్రోగినను, చక్రము చెడినదని వెంటనే తీర్మానించుట తగదు. దానిని చూడవలెనన్న గేరు పెట్టెను దింపవలెను. కూలియు, కాలమును అధికము. కనుక దింపకమునుపే ప్రశ్నలు అడుగవలెను.

మొదటి ప్రశ్న: ఊపు ఇంజను వేగమును అనుసరించునా, కారు వేగమును అనుసరించునా? కారును నిలిపి, గేరు లేకుండ ఇంజను వేగమును పెంచవలెను. ఊపు అప్పుడును వచ్చినచో దోషము ఇంజను వైపున ఉన్నది. నిలిచియుండగా రాక, రోడ్డుపై ఒకానొక వేగమున మాత్రమే వచ్చినచో టైర్లను, ప్రొపెల్లరు షాఫ్టును ముందు చూడవలెను.

రెండవ ప్రశ్న: క్లచ్చి నొక్కినచో చప్పుడు మారునా? నొక్కినప్పుడు పుట్టునది సాధారణముగా క్లచ్చి బేరింగు చప్పుడు. నొక్కినప్పుడు ఆగిపోవునది గేరు పెట్టె ముందు బేరింగుది కావచ్చును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు, మొదలగునప్పుడు, ఆగునప్పుడు లోపల మొద్దుగా కొట్టుకొను చప్పుడు వచ్చినచో చక్రమును బిగించు బోల్టులను అనుమానింపవలెను. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినను ఇట్టి చప్పుడే వచ్చును. అయితే ఒక సిలిండరునకు నూనె ఆపగా చప్పుడు తగ్గినచో దోషము ఆ సిలిండరుది. ఈ పరీక్ష నేర్చిన మెకానిక్కే చేయవలెను. డీజిలు గొట్టములోని పీడనము చర్మమును చీల్చుకొని లోనికి పోగలంతటిది.

మూడవది, కదలునప్పుడు కారు వణకుట. వేడికి చక్రపు ముఖము నీలి మచ్చలు పడి ఎగుడుదిగుడు కావచ్చును. వెనుక సీలు కారి క్లచ్చిపై నూనె పడినను, ఇంజను క్రింది రబ్బరు దిమ్మలు చినిగినను అదే వణకు పుట్టును. రబ్బరు దిమ్మలను పై నుండియే చూడవచ్చును. సులభమైనది మొదట, ఖర్చైనది చివర.

పళ్లు చెప్పు సాక్ష్యము

చక్రపు అంచున స్టార్టరు మోటారు పట్టుకొను పళ్ల కట్టు కలదు. ఒకప్పుడు స్టార్టరు గరగరలాడి ఇంజను తిరుగదు. కారును గేరులో ఉంచి కొంచెము నెట్టి, మరల త్రిప్పగా వెంటనే కదలును. ఎందువలన? నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అరచుట్టుకు ఒక సిలిండరు గాలిని నొక్కును. ఆగిపోవు ఇంజను ఆ నొక్కుడును దాటలేక, ఇంచుమించు ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకచోట నిలుచును. స్టార్టరు స్థానము మారదు గనుక ఎప్పుడును ఆ రెండు చోట్ల పళ్లే అరుగును. ఇది చక్రమంతటి చావు కాదు. బండిచక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడిగినట్లే, కొత్త పళ్ల కట్టును వేడిచేసి తొడుగుదురు. అది చల్లారి బిగియును. శాలలో వడ్లవాడెరిగిన సూత్రమే కారు షెడ్డులోను పనిచేయుచున్నది.

1985లో జర్మనీలో మరియొక మార్పు వచ్చినది. ఒక్క బిళ్లకు బదులు రెండు బిళ్లలు, వాని నడుమ స్ప్రింగులు గల జంట చక్రము కార్లలో ప్రవేశించెను. డీజిలు కుదుపులను స్ప్రింగులు మ్రింగి, గేరు పెట్టెను కాపాడును. కాని స్ప్రింగులు అలసిన పిదప, ముఖ్యముగా ఇంజను మొదలగునప్పుడు, ఆగునప్పుడు లోహము లోహమును కొట్టును. అప్పుడు బిళ్లల నడుమ ఆటను కొలిచి, తయారీదారు చెప్పిన హద్దును మించెనా యని చూతురు. పాత నిండు బిళ్లకు ఈ జబ్బు లేదు. కనుక కారులో ఏ జాతి చక్రమున్నదో తెలియకుండ రోగమునకు పేరు పెట్టరాదు.

గేరు పెట్టె దింపిన పిమ్మట మాత్రము కన్నుతో చూచి వదలరాదు. ముఖము వంకరను డయలు గేజితో కొలువవలెను. బోల్టుల రంధ్రముల చుట్టు పగుళ్లను వెదకవలెను. పైపై మచ్చలను హద్దులోపల చెక్కించవచ్చును. పగిలిన చక్రమును అతికించి వాడుట ఎన్నడును కూడదు. అక్కడ పొదుపు చేయరాదు. దానికి దగ్గరలోనే మనుష్యుల కాళ్లుండును.

వైద్యుడు నాడి చూచినట్లు మెకానిక్కు చప్పుడు వినును. కాని వినుట ఒక్కటే చాలదు. ఒక సంగతిని మార్చి, మిగిలినవానిని మార్చక, ఫలితమును గమనించుటయే పరీక్ష. క్లచ్చిని ఒకసారి నొక్కి, ఒకసారి విడిచి చెవియొగ్గు రోడ్డుప్రక్క మెకానిక్కు చేయుచున్నది పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థి నేర్చు పనియే.