భిన్న గుణకాల ఏకఘాత అసమీకరణం

భిన్న గుణకాల ఏకఘాత అసమీకరణం అంటే ఒకే చలరాశి మొదటి ఘాతంలో ఉండి, గుణకాల్లో భిన్నాలున్న రెండు సమాసాలను <, >, ≤, ≥ గుర్తులలో ఒకదానితో పోల్చే బీజగణిత వాక్యం. <, > గుర్తులు ఆంగ్ల గణితవేత్త థామస్ హారియట్ మరణించిన పదేళ్లకు, 1631లో వెలువడిన ఆయన గ్రంథంలో తొలిసారి అచ్చయ్యాయి.

సాధనలో ముందుగా హారాల క.సా.గు.తో ఇరువైపులా గుణిస్తారు. చలరాశి ‘య’ అయితే, య/2 − 2య/3 < 5/6 లో హారాల క.సా.గు. 6. గుణించగా 3య − 4య < 5, అంటే −య < 5 వస్తుంది. ఇరువైపులా −1తో గుణిస్తే గుర్తు తిరగబడి య > −5 అవుతుంది. రుణసంఖ్యతో గుణించినా భాగించినా సంఖ్యారేఖపై విలువల క్రమం తారుమారు కావడమే ఇందుకు కారణం. సమీకరణాలకు లేని ఈ నియమమే ఇక్కడ అత్యంత కీలకం. −5 కంటే పెద్దవైన వాస్తవ సంఖ్యలన్నీ సాధనలే. −5 వద్ద ఇరువైపులా 5/6 కావడం వల్ల అది సాధన కాదు. సంఖ్యారేఖపై దానిని ఖాళీ వృత్తంతో చూపుతారు.

హారంలోనే చలరాశి ఉంటే అసమీకరణం ఏకఘాతం కాదు. 1/య < 2 ను నేరుగా ‘య’తో గుణిస్తే య > 1/2 మాత్రమే మిగులుతుంది, రుణ విలువలన్నీ సాధనలైనా జారిపోతాయి. అందువల్ల హారం ధనమా, రుణమా అన్నది వేర్వేరుగా పరిశీలించాలి.

అనేక చలరాశుల ఏకఘాత అసమీకరణాల వ్యవస్థలపైనే రేఖీయ ప్రణాళికీకరణం ఆధారపడింది; దాని సింప్లెక్స్ పద్ధతిని జార్జ్ డాంట్జిగ్ 1947లో రూపొందించాడు.