పుస్తకాల మెత్త సంచి

రెండు గుడ్డల నడుమ దూదో ఫోమో పరిచి, ఒక్క పుస్తకం మాత్రమే ఒదిగేటట్టు కుట్టిన తొడుగును పుస్తకాల మెత్త సంచి అంటారు. ఇప్పటి పాఠకుల వాడుకలో దీని పేరు బుక్ స్లీవ్. పట్టీ లేకపోతే ఇది వీపు సంచిలోనో హ్యాండ్‌బ్యాగులోనో పడేసుకునే లోపలి తొడుగు. రెండు చిన్న పట్టీలు వేస్తే చేతిసంచి అవుతుంది, పొడుగు పట్టీ వేస్తే భుజాన వేలాడుతుంది. టైలరు దగ్గర మిగిలిన ముక్కలు, పాత జీన్సు ప్యాంటు, చిరిగిన దుప్పటి ఉంటే ఒక మధ్యాహ్నం పని. పెద్ద నేర్పు అక్కర్లేదు. ఓపిగ్గా కొలుచుకోవడం మాత్రం తప్పదు.

టిఫిను డబ్బా, నీళ్ళ సీసా, తాళాల గుత్తి, ఛార్జరు ఉన్న సంచిలో పుస్తకం గంటసేపు బస్సు ప్రయాణం చేస్తే ఏమవుతుందో చదివేవాళ్ళందరికీ తెలుసు. గట్టి అట్ట పుస్తకానికి ముందు మూలలు నలుగుతాయి, తర్వాత వెన్ను పైకొస, కిందికొస చిట్లుతాయి. పేపర్‌బ్యాక్ బాధ వేరు. దాని ముందు అట్ట దేనికో తగులుకుని వెనక్కి మడత పడుతుంది, పేజీల అంచులు మురికి పడతాయి. ఈ దెబ్బల్లో చాలా వరకు బయటి వస్తువు గుద్దడం వల్ల వచ్చేవి కావు. పుస్తకమే లోపల అటూ ఇటూ జారడం వల్ల వచ్చేవి. అందుకే దూది ఎంత దట్టంగా పెట్టినా వదులుగా ఉన్న సంచి పుస్తకాన్ని కాపాడలేదు. బిగువుగా అమరిన సంచికి పలచటి మెత్త చాలు.

పాత రూపాలు

పుస్తకాన్ని గుడ్డలో పెట్టి దాచుకోవడం అచ్చు యంత్రం కంటే పాత అలవాటు. తాళపత్ర గ్రంథాన్ని రెండు చెక్క పలకల మధ్య బిగించి, తాడు చుట్టి, ఎర్రటి లేదా పసుప్పచ్చటి గుడ్డలో మూట కట్టేవారు. పురుగు పట్టకుండా మూటలో వస కొమ్ము, వేపాకు వేసేవారు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం పేరు చెబితే పాతతరం పండితులకు ఈ ఎర్ర గుడ్డ మూటలు గుర్తుకొస్తాయి. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్ల తెలుగు తాళపత్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ మూటలకు కుట్టు లేదు. నాలుగు మడతల గుడ్డే అక్కడ మెత్త.

కుట్టిన తొడుగులు మతగ్రంథాల చుట్టూ ఎక్కువగా పెరిగాయి. ముస్లింల ఇళ్ళలో ఖురాన్‌ను జుజ్దాన్ అనే గుడ్డ తొడుగులో పెట్టి ఎత్తైన చోట ఉంచుతారు. సిక్కులు గురు గ్రంథ్ సాహిబ్‌ను రుమాలా వస్త్రాలతో కప్పుతారు. యూదులు తోరా చుట్టకు పట్టు, మఖమలు తొడుగు వేస్తారు. ఆదివారం పూట తెలుగు పల్లెల్లో చర్చికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో కనిపించే జిప్పు కవరు బైబిలు కూడా ఈ వరసలోదే. అమెరికాలో చిన్న పట్టీలున్న క్విల్టు బైబిలు కవర్లను ఇళ్ళలో కుట్టుకోవడం బాగా పాతుకుపోయిన ఆనవాయితీ.

తోలు వాడిన చోట్లూ ఉన్నాయి. ఇథియోపియా మఠాల్లో చేతిరాత గ్రంథాలను మహ్దర్ అనే తోలు సంచుల్లో పెట్టి, గోడకు కొట్టిన కొయ్యలకు తగిలించేవారు. ఐర్లండులో తొమ్మిదో శతాబ్దం నాటి ఆర్మా గ్రంథంతో పాటు నగిషీ తోలు సంచి ఒకటి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. మధ్యయుగపు యూరపులో బైండింగు తోలునే కిందికి పొడిగించి, చివర ముడి వేసి, నడుముకున్న బెల్టులో దోపుకునే పుస్తకాలు ఉండేవి. చదవాలంటే విప్పే పనే లేదు. వేలాడుతున్నదాన్ని పైకెత్తితే అక్షరాలు సరిగ్గా ఎదురుగా వస్తాయి.

సూది, దారం కథలో ఇంగ్లండుకు ఒక ముచ్చట ఉంది. తర్వాతి కాలంలో రాణి అయిన ఎలిజబెత్ 1544లో, పదకొండేళ్ళ వయసులో, ఒక ఫ్రెంచి కావ్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి సవతి తల్లి కేథరిన్ పార్‌కు కొత్త సంవత్సరం కానుకగా పంపింది. నీలం నేల మీద వెండి దారంతో అల్లిక చేసిన ఆ పుస్తకపు అట్ట ఆమె చేతి కుట్టే అంటారు. ఆ పుస్తకం ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఇలాంటి అల్లిక అట్టలు నలిగిపోకుండా, వాటికి జోడుగా అల్లిక సంచులు కూడా కుట్టేవారు. అట్టకు తొడుగు, ఆ తొడుగుకు మరో తొడుగు!

ఇప్పటి మెత్త సంచికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం మాత్రం బెంగాలుది. అక్కడి కాంథా కుట్టులో పాత చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగు దారంతో దగ్గర దగ్గరగా కుడతారు. కప్పుకునే కాంథాలు అందరికీ తెలుసు. పుస్తకాలు, విలువైన వస్తువులు చుట్టడానికి ప్రత్యేకంగా కుట్టే చదరపు కాంథాలు కూడా ఉన్నాయి, వాటిని బొస్తాని అంటారు. మన ఇళ్ళలో అవ్వలు కుట్టే అతుకుల బొంతదీ ఇదే పద్ధతి. నాలుగైదు పొరల పాత నూలు చీరలు, పెద్ద సూది, బారు కుట్లు. బొంత కుట్టడం వచ్చిన మనిషికి పుస్తకాల సంచి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మంచమంత గుడ్డను పుస్తకమంతకు తగ్గించుకుంటే చాలు.

జపానులో చిన్న నవలలు ఎక్కువగా ఏ6 సైజులో, అంటే 105 మి.మీ. వెడల్పు, 148 మి.మీ. పొడవుతో వస్తాయి. సైజు స్థిరంగా ఉండడంతో అక్కడ గుడ్డ అట్టలు, తొడుగులు ఒకే కొలతతో చేసి అమ్ముతారు. మన పుస్తకాలకు ఆ సుఖం లేదు.

కొలత

తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి. ఇది దాదాపు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. మందం మాత్రం కవితా సంపుటికి పావు అంగుళం నుంచి నిఘంటువుకు రెండంగుళాల దాకా మారుతుంది. కొత్తగా కుట్టేవాళ్ళు పొడవు, వెడల్పు కొలిచి మందం సంగతి మర్చిపోతారు. సంచి తయారయ్యాక పుస్తకం సగం దిగి ఆగిపోతుంది.

లెక్క తేలికే. సంచి లోపలి వెడల్పు అంటే పుస్తకం వెడల్పు, మందం, ఆ పైన అర అంగుళం వదులు. ఆ అర అంగుళంలో కొంత మెత్తే తినేస్తుంది. లోపలి ఎత్తు అంటే పుస్తకం పొడవు, మందంలో సగం, పైన మూతి దగ్గర ఒక అంగుళం. అంగుళం మందమున్న డెమ్మీ పుస్తకానికి ఈ లెక్కన లోపలి వెడల్పు ఏడంగుళాలు, ఎత్తు పది అంగుళాలు వస్తుంది. అడుగున కుట్టు లేకుండా ఒకే ముక్కను మడిచి కుట్టేటట్లయితే, నాలుగు వైపులా కుట్టుకు అర అంగుళం చొప్పున వదిలి, 8 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల పొడవు ముక్క కావాలి. ఈ 8, 21 మెత్తతో కలిపి కుట్టేసిన తర్వాతి కొలత. మెత్త మీద అడ్డంగా నిలువుగా కుట్లు వేసేటప్పుడు గుడ్డ లోపలికి లాక్కుంటుంది కాబట్టి, మొదట 9, 22 కత్తిరించుకుని, కుట్లయ్యాక అంచులు సరిచేసుకోవాలి. అస్తరు లోపల ముడతలు పడకుండా ఉండాలంటే దాన్ని పావు అంగుళం తక్కువ వెడల్పుతో కత్తిరించడం మంచిది.

మందపాటి పుస్తకానికి అడుగు పెట్టెలాగా రావాలంటే, మడత దగ్గర రెండు మూలల్లో మందంలో సగం కొలతతో చదరాలు కత్తిరించి అడ్డంగా కుట్టాలి. రెండంగుళాల నిఘంటువుకు అంగుళం చదరం. పలచటి పుస్తకానికి ఈ శ్రమ దండగ.

గుడ్డ, మెత్త

పైగుడ్డకు కాన్వాసు, జీన్సు, దట్టమైన నూలు గుడ్డ బాగుంటాయి. పెడన అద్దకం కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ కూడా చక్కగా కుదురుతాయి. కానీ ముదురు రంగు గుడ్డల మీద తడి తెల్ల గుడ్డ రుద్ది చూడాలి. రంగు అంటుకుందా, వానలో తడిసిన రోజు పుస్తకం అట్టకూ అంటుకుంటుంది. నూలు గుడ్డను కత్తిరించే ముందే నానబెట్టి ఆరేయడం తప్పనిసరి. తర్వాత ఉతికితే అది కుదించుకుపోయి సంచి ఇరుకవుతుంది. పైగా కొత్త గుడ్డలోని గంజి అంటే వెండి రంగు పుస్తకాల పురుగుకు ప్రీతి.

అస్తరుకు నునుపైన పలచటి గుడ్డ కావాలి. పేరంటాల్లో వచ్చి, ఎవరికి పెట్టాలో తెలియక బీరువాలో పేరుకుపోయిన జాకెట్టు ముక్కలు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. ఎనభై సెంటీమీటర్ల ముక్కలో డెమ్మీ సైజు సంచులు నాలుగింటికి అస్తరు వస్తుంది. జరీ అంచున్న వైపు మాత్రం లోపలికి రాకూడదు. జరీ, చమ్కీ, అద్దాలు పుస్తకం అట్టను గీరేస్తాయి.

మెత్తలో చాలా రకాలున్నాయి. దూది పరుపు మెత్తగా ఉంటుంది కానీ కుట్లు దూరమైతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. పాలిస్టరు ఫైబరు షీటు తేలిక, ఉతికినా ఆకారం చెడదు. పావు అంగుళం ఫోము షీటు నిలువుగా నిలబడే అందమైన సంచినిస్తుంది, మిషను మీద మాత్రం మారాం చేస్తుంది. డబ్బు ఖర్చు పెట్టకూడదనుకుంటే పాత టర్కీ టవలు, చిరిగిన ఉన్ని దుప్పటి ఉన్నాయి. బ్యాగుల దుకాణాల్లో గట్టిదనం కోసం వేసే బక్రం మెత్త కాదు. అది నిలబెడుతుంది గానీ దెబ్బను తట్టుకోదు.

కుట్టు

పైగుడ్డను ఉల్టా వైపు పైకి ఉండేలా పరిచి, మీద మెత్త పెట్టి, చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటే పొరలు జరగవు. తర్వాత మిషను మీద మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు, రెండంగుళాల ఎడంతో గీతలు కుట్టాలి. అంచు నుంచి మధ్యకు వస్తే నడుమ గుడ్డ ఉబ్బుతుంది. ఇంట్లో ఉండే మామూలు నల్ల మిషనైనా సరిపోతుంది. సూది 16వ నంబరు, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు దాటి ఉండాలి, ఫుట్టు మీది ఒత్తిడి స్క్రూ కాస్త వదులు చేయాలి. ఫోము ఫుట్టుకు అతుక్కుని కదలకపోతే, దాని మీద పలచటి బటర్ పేపరు పెట్టి కుట్టి చింపేయడం బ్యాగులు కుట్టేవాళ్ళ చిట్కా. వార్తాపత్రిక వాడితే సిరా గుడ్డకు అంటుతుంది.

ఆ పైన ముక్కను సీదా వైపులు కలిసేలా మడిచి రెండు పక్కలూ కుడితే బయటి సంచి తయారు. అస్తరును కూడా ఇలాగే కుట్టాలి, కానీ ఒక పక్క కుట్టులో నాలుగు అంగుళాలు కుట్టకుండా వదలాలి. బయటి సంచిని సీదాకు తిప్పి అస్తరు సంచిలోకి దోపి, మూతి చుట్టూ కుట్టి, వదిలిన సందులోంచి మొత్తం బయటికి లాగితే అంచులన్నీ లోపల దాక్కుంటాయి. మొదటిసారి చూసేవాళ్ళకు ఇది గారడీలా ఉంటుంది. తిప్పే ముందు కుట్టు పక్కనున్న మెత్తను కత్తిరించి తీసేయాలి, లేకపోతే అంచులు లావుగా ఉబ్బుతాయి. చివర సందు మూసి, మూతి చుట్టూ పావు అంగుళం లోపలగా ఇంకొక కుట్టు వేస్తే అస్తరు బయటికి తొంగిచూడదు.

తిప్పే పని వద్దనుకుంటే మూడు పొరలూ కలిపే కుట్టేసి, అంచులకు క్రాసు పట్టీ వేయడం ఇంకో దారి. ఇది త్వరగా అవుతుంది, కానీ పట్టీ సాఫుగా రావాలంటే చేయి తిరిగి ఉండాలి.

మూత

జిప్పు గట్టి మూతే, కానీ పుస్తకం పెట్టేటప్పుడు, తీసేటప్పుడు దాని పళ్ళు అట్టను రాసుకుంటాయి. జిప్పు వేస్తే లోపల ఒక గుడ్డ మడత అడ్డం ఉండాలి. వెల్క్రోను స్విట్జర్లండుకు చెందిన జార్జ్ దె మెస్త్రాల్ తయారుచేసి 1955లో పేటెంటు పొందాడు. దాని ముళ్ళ వైపు అల్లిక దారాలను లాగేస్తుంది. గ్రంథాలయంలో విప్పితే అందరూ తలెత్తి చూస్తారు. టిచ్ బటన్లు, గుండీ కాజా, బొందు ఎక్కువ మర్యాద గలవి. పైన మడత మూత వేసి ఒక గుండీ పెట్టడం పుస్తకానికి అన్నిటికన్నా క్షేమం. ఈ-రీడరుకు కుట్టే సంచిలో అయస్కాంతం బటన్లు పెట్టకపోవడమే నయం. చాలా ఈ-రీడర్లు కవరులోని అయస్కాంతాన్ని బట్టి నిద్రపోతాయి, మేలుకుంటాయి. సంచిలోదాన్ని చూసి అవి మోసపోతాయి.

వానకు తట్టుకోవాలని కొందరు పైగుడ్డకు, అస్తరుకు మధ్య గొడుగు గుడ్డ వేస్తారు. ప్రయాణానికి అది మంచిదే. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో మాత్రం అందులో పుస్తకాన్ని నెలల తరబడి ఉంచితే లోపలి చెమ్మ బయటికి పోదు, బూజు పడుతుంది. ఫోముది ఇంకో ఇబ్బంది. బ్యాగుల్లో వాడే పాలియురేథేన్ ఫోము ఏళ్ళు గడిచేకొద్దీ జిగురుగా మారి, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. అందుకే పాత గ్రంథాలను భద్రపరిచేవాళ్ళు దాన్ని దగ్గరికి రానివ్వరు. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను, పాలిస్టరు మెత్తను, పాలిథిలీన్ ఫోమును వాడతారు. ఇంట్లో వాడే సంచినైతే ఏడాదికి నాలుగైదుసార్లు చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేసి, లోపలి మూలలు కూడా పూర్తిగా ఆరాకే పుస్తకం పెట్టాలి.