బెలూన్ విశ్వకిరణ శోధకాల క్రమాంకనం

విశ్వకిరణాల శక్తిని కొలవడానికి బెలూన్ల ద్వారా ఎగువ వాతావరణంలోకి శోధకాలను పంపుతారు. అవి ఇచ్చే విద్యుత్ సంకేతాలను శక్తి ప్రమాణాలతో ముడిపెట్టే ప్రక్రియను క్రమాంకనం అంటారు.

అవసరం

శక్తి పెరిగే కొద్దీ విశ్వకిరణాల సంఖ్య వేగంగా తగ్గిపోతుంది. అందువలన ప్రతి కణపు శక్తిని 10 శాతం ఎక్కువగా లెక్కించినట్లయితే, ఒక నిర్ణీత శక్తిని మించిన కణాల సంఖ్య దాదాపు 18 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న దోషమే పెద్ద పొరపాటుకు దారితీస్తుంది.

పద్ధతులు

ఎగురవేయడానికి ముందు శోధకాన్ని కణ త్వరణ యంత్రాల నుండి వెలువడే, శక్తి ముందే తెలిసిన కణపుంజాలతోను, నేలను చేరే మ్యూయాన్లతోను పరీక్షిస్తారు. ఆకాశంలో భూ అయస్కాంత క్షేత్రమే కొలబద్దగా ఉపయోగపడుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ సమీపంలో, అంతరిక్షం నుండి నిట్టనిలువుగా వచ్చే ప్రోటానులలో సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి గలవి వాతావరణాన్ని చేరలేవు. కొలతలలో ఈ హద్దు కనిపించిన స్థానాన్ని గణించిన విలువతో పోల్చి శక్తి ప్రమాణాన్ని సరిచూస్తారు. ధనావేశ కణాలకు ఈ హద్దు తూర్పు దిక్కున ఎక్కువగా, పడమటి దిక్కున తక్కువగా ఉంటుంది.

దక్షిణ భారతదేశంలో

బెంగళూరు - గుంతకల్లు రైలు మార్గంలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు భూ అయస్కాంత మధ్యరేఖకు చేరువలో, ఈ హద్దు అత్యధికంగా ఉండే ప్రాంతంలో ఉన్నాయి. ఈ అనుకూలత వలననే 1939-40లో రాబర్ట్ మిల్లికాన్, విక్టర్ నెహర్, విలియం పికరింగ్ బెంగళూరు నుండి బెలూన్లను ఎగురవేసి, ఆగ్రా, పెషావరులలో లభించిన కొలతలతో పోల్చారు. తరువాత టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969లో హైదరాబాదులో శాశ్వత బెలూన్ కేంద్రాన్ని నెలకొల్పింది.