తేలెడి తరంగశక్తి యంత్రములు: లంగరు కట్టుల పరీక్ష

అలల ఊపునుండి విద్యుత్తును గ్రహించుటకై నీటిపై తేలునట్లు నిర్మింపబడిన యంత్రమును దాని తావున నిలిపియుంచు గొలుసులు, మోకులు, లంగరులు కలిసిన అమరికకు లంగరు కట్టు అని పేరు. ఓడకు లంగరు నిలకడ నొసగిన చాలును. ఈ యంత్రమునకో, అలతో లేచి అలతో పడుటయే జీవనము గనుక, కట్టు దానిని కొట్టుకొని పోనీయరాదు, కదలకుండ బిగించివేయనురాదు. పల్లెలలో పశువును గుంజకు కట్టు రైతు పలుపునకు మేత అందునంత వదులు విడుచుటలోని మర్మమే ఇందును గలదు.

బరువైన గొలుసు కొంతమేర కడలి అడుగున పడియుండి, అల లాగినపుడు మెల్లగా పైకి లేచి, తన బరువుచేతనే ఆ లాగుడును మెత్తపరచును. వదులు మితిమీరెనేని తుఫానునందు అది ఒక్కుమ్మడిగా బిగిసి, యంత్రమునే చీల్చగల కుదుపును పుట్టించును. ప్రయోగశాల తొట్టెలలో అలల బలమును కొలువవచ్చును గాని, గుల్లలు పట్టి మోకు బరువెక్కుటయు, ఒరపిడిచే పోగులు తెగుటయు, లంకెలు అరుగుటయు సముద్రమునందే తెలియవలసిన సంగతులు.

జపానునందు యోషియో మసూదా అలలతో వెలుగు దీపపు బోయాలను 1965 నాటికి వాడుకలోనికి తెచ్చెను. ఆయన భావన ననుసరించి నిర్మింపబడిన 80 మీటర్ల కైమేయి నౌకను 1978లో యురా తీరమున లంగరు వేసి పరీక్షించిరి. డెన్మార్కునందలి వేవ్ డ్రాగన్ యంత్రము 2005 జనవరి తుఫానులో, లాగుడును కొలుచుటకై ప్రధానమైన కట్టున అమర్చిన సాధనమే తెగిపోగా, ఒడ్డునకు కొట్టుకొనిపోయెను. ఇట్టి అనుభవముల పిమ్మట ఇంగ్లండునందలి ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు, విద్యుత్తుకొరకు గాక కేవలము కట్టుల పరీక్షకొరకే, 2010లో ఫాల్మత్ అఖాతమున ఒక బోయాను నిలిపి, దాని మూడు కట్టులలోని లాగుడును అలల కొలతలతో జతపరచి నమోదు చేసిరి.

మన దేశమున 1991లో విళింజమునందు మద్రాసు ఐఐటి నెలకొల్పిన 150 కిలోవాట్ల కేంద్రము సముద్రపు టడుగున కూర్చున్న కాంక్రీటు పేటికయగుటచే దానికి లంగరు చిక్కు లేకుండెను. 1993లో చెన్నైయందు ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, వాతావరణమును కనిపెట్టు బోయాలను నడిసముద్రమున నిలుపుటలో చేయి తిరిగినదై, ఎన్నూరు వద్ద అలలతో నడచు దారిచూపు బోయాను పరీక్షించెను. 2022 నవంబరులో మద్రాసు ఐఐటి తూత్తుకుడి తీరమునకు 6 కిలోమీటర్ల దూరమున, 20 మీటర్ల లోతున సింధుజా-1 ను దింపెను. అందు నడుమ రంధ్రముగల బోయా పొడవైన కదురువెంట క్రిందుమీదగుచు విద్యుత్తును పుట్టింపగా, కదురును సయితము తేలనిచ్చి, లంగరు గొలుసుతో అంతటిని నిలిపిరి.

దాని ఉత్పత్తి 100 వాట్లే యయినను, ఏటేట వాయుగుండములు లేచు బంగాళాఖాతమున ఇట్టి ప్రయత్నమునకు విలువ కలదు. తుఫాను వెలిసిన మరునాడు బోయా తన తావుననే కానవచ్చుట మొదటి పరీక్ష. విద్యుత్తు లెక్క దాని తరువాతిది.