నిజాము పసుపు మోటారుబండి

అరుదైన వస్తువును కొనుట వేఱు, దాని విలువ నెఱుగుట వేఱు. ఇందులకు హైదరాబాదు చరిత్రమున నొక నిదర్శనము గలదు.

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండునుండి యొక రోల్సురాయిసు మోటారుబండిని తెప్పింప నుత్తరువిచ్చెను. అది చేరకమునుపే, 1911 ఆగస్టు 29వ తేదీన, ఆయన కాలధర్మము నొందెను. బండి కుమారుడగు ఉస్మాన్ అలీఖానునకు దక్కెను.

మన యెడ్లబండికి ఇరుసును, పట్టాలును కమ్మరి చేయును, తక్కినపని వడ్రంగిది. నాటి మోటారుబండియు నట్టిదే. యంత్రమును, చట్రమును డార్బీ పట్టణమున రోల్సురాయిసువారు చేసిరి. పైకట్టును లండనులోని బార్కరు సంస్థవారు నిర్మించిరి. ఇది సిల్వర్ గోస్టు అను తరగతికి చెందినది. ఆఱు సిలిండర్లు గలది. వెనుకభాగమున సింహాసనమువంటి యెత్తైన పీఠము గలదు. రంగు పసుపు. ఆసఫ్‌జాహీల పతాకవర్ణము నదియే. మొదటి నిజామునకు ఒక మహాత్ముడు పసుపుగుడ్డలో రొట్టెలుంచి యిచ్చి దీవించెనని యైతిహ్యము.

ఈ బండి నడచినది కొలది వందల మైళ్లు మాత్రమే. ఇది వ్యర్థవ్యయమని కొంద ఱందురు. మన దేవుని తేరును ఏటి కొక్కమాఱే కదలును. దానిని వ్యర్థమని యెవ్వరును అనరు. కాని తక్కిన దినములందును తేరునకు నీడయు, ఇరుసునకు చమురును వలయును. లోపము నడుపకుండుటయందు లేదు, కాపాడకుండుటయందున్నది. ఉస్మాన్ అలీఖాన్ కోఠికిని ఆబిడ్సునకును చేరువనున్న కింగుకోఠియందు నివసించి, 1967 ఫిబ్రవరి 24వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన బండ్లలో ననేకములు కదలక పాడుపడి యుండెనని చరిత్రకారులు వ్రాసిరి.

పాతబండిని కొనగోరువారు మెఱుగును జూచి మోసపోరాదు. యంత్రముపై, చట్రముపై చెక్కిన సంఖ్యలు కర్మాగారపు లెక్కలతో సరిపోవలెను. పైకట్టు తొలినాటిదై యుండవలెను. ఎవరిచేతులు మాఱినదో తెలియవలెను. జపానునందు 1967 మొదలు 1970 వఱకు టొయోటావారికై యమహా సంస్థ నిర్మించిన ‘2000 జీ.టీ.’ యను రెండాసనముల బండ్లు దాదాపు 350 మాత్రమే. అవి అరుదగుటచే నేడు రసజ్ఞులు వానిని ఈ కొలతలతోనే పరీక్షింతురు.

చౌమహల్లా ప్రాసాదము బాగుచేయబడి 2005లో ప్రజలకు తెఱవబడెను. పసుపుబండి నచట చూడవచ్చును. మన గ్రామములందును పాతపల్లకులు, గానుగలు, తేరులు మూలబడి యున్నవి. వానిని వంటచెఱకునకు, పాతయినుమునకు అమ్మకమునుపు, చేసినవాని పేరును, చేయించినవాని పేరును ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. ఆ పేర్లు తెలిసినవారు మీరే. మీ తరువాత నడుగుటకు ఎవరును మిగులరు.