మందూ మెతుకూ

క్షయరోగికి మందు ఇస్తే సరిపోదు. ఆ మందు వాడే నెలల్లో అతని ఇల్లు గడవాలి. ఈ సంగతి ప్రభుత్వాల లెక్కల్లోకి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

బ్రిటన్‌లో 1911 నాటి జాతీయ బీమా చట్టం కార్మికులకు శానటోరియం (క్షయరోగుల ఆసుపత్రి) వైద్యం కల్పించింది. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, చికిత్సలో ఉన్న క్షయరోగుల కుటుంబాలకు అక్కడి ప్రభుత్వం భత్యం మంజూరు చేసింది. అయితే కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్లగలరని తోచినవారికే అది దక్కింది. జబ్బు ముదిరినవారిని పక్కన పెట్టేశారు.

మన దగ్గర 1915లో మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది. సరైన మందులు లేని ఆ రోజుల్లో మంచి తిండి, విశ్రాంతి, గాలి, ఇవే వైద్యం. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రం మూడేళ్లకు కీలకమైన ఫలితాన్ని ప్రకటించింది. ఇంట్లోనే ఉండి, అంతంతమాత్రం తింటూ మందులు వాడినవారు కూడా శానటోరియం రోగులతో దాదాపు సమానంగా కోలుకున్నారు. పడక దొరకని పేదలకు అది వరమే. కానీ శానటోరియం పెట్టే అన్నం కూడా దాంతోనే పోయింది, పోషణ భారం కుటుంబం నెత్తిన పడింది. 1962 నాటి జాతీయ క్షయ కార్యక్రమం, 1997లో వచ్చిన, సిబ్బంది కళ్లెదుటే మందు మింగించే డాట్స్ విధానం మందుల మీదే దృష్టి పెట్టాయి. కూలి పోయిన ఇంటికి నెలనెలా డబ్బు అందే ఏర్పాటు అప్పట్లో దేశమంతటా లేదు.

వేరే జబ్బుల విషయంలో తెలుగు రాష్ట్రాలు మరో దారి పట్టాయి. హెచ్‌ఐవీ బాధితులకు సామాజిక పింఛన్లు ఇచ్చాయి. తెలంగాణ బోదకాలు బాధితులనూ ఆ జాబితాలో చేర్చింది.

క్షయరోగులకు అలాంటి నెలవారీ సాయం 2018 ఏప్రిల్‌లో వచ్చింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స సాగినన్నాళ్లూ నెలకు రూ.500 రోగి ఖాతాలో పడసాగింది. అది ఎంత అవసరమో 2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనం చూపింది. రోగి కుటుంబానికి ఆహారం అందించిన చోట ఇంట్లో మిగతావారికి క్షయ జబ్బు రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులకు మరణ ముప్పు బాగా తగ్గింది. 2024 నవంబరు నుంచి సాయం నెలకు రూ.1,000 అయింది, తొలి రూ.3,000 రోగనిర్ధారణ కాగానే ముందస్తుగా ఇవ్వాలన్నారు.

ఈ చివరి మార్పే అన్నిటికన్నా విలువైనది. బరువు పెరగాల్సిన మొదటి నెలలు దాటాక వచ్చే డబ్బు సగం ప్రయోజనాన్ని పోగొట్టుకుంటుంది. ఆధార్‌లో పేరు తప్పుందనో, బ్యాంకు ఖాతా లేదనో వలస కూలీకి ఆ సొమ్ము ఆగకూడదు. ఇక వెయ్యి రూపాయలు కొద్ది రోజుల కూలికే సరి. తిండికి సాయం మొదలైంది. పోయిన కూలికి కూడా లెక్క కట్టడం ప్రభుత్వం ఇంకా చేయాల్సిన పని.