ఊపిరిని కూల్చిన కావలి

బిడ్డ నుదుట ముద్దు పెట్టినప్పుడు పెదవికి ఉప్పు తగిలితే ఆ బిడ్డ ఎంతోకాలం బతకదని యూరప్ పల్లెల్లో తరతరాలుగా చెప్పుకునేవారు. ఆ ఉప్పు ఎక్కడిదో వాళ్ళకు తెలియదు. 1938లో న్యూయార్క్ వైద్యురాలు డొరొతీ ఆండర్సన్, చనిపోయిన పసివాళ్ళ దేహాలను పరీక్షించి సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను వేరే జబ్బుగా గుర్తించింది. 1948లో ఆ నగరంలో ఎండలు మండిపోయినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి చేరిన పిల్లల్లో చాలామంది ఈ జబ్బున్నవాళ్ళే. వాళ్ళ చెమటలో ఉప్పు మితిమీరి ఉంటుందని 1953 నాటికి రుజువైంది. ఈ జబ్బుకు మూలమైన జన్యువు దొరకడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ జన్యువు సరిగ్గా పనిచేయకపోతే ఊపిరి గొట్టాల్లోని పలచటి తడి ఆరిపోతుంది. కఫం జిగురై గోడలకు అంటుకుంటుంది. అసలు పతనం అక్కడే మొదలవుతుంది. కానీ నేను చెప్పబోయేది ఆ మీదట జరిగే రెండో పతనం గురించి.

ఎండుగడ్డిలో, పెంటకుప్పల్లో, చెమ్మగోడల మీద ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు పెరుగుతుంది. దాని బీజాలు మిల్లీమీటరు పొడవున మూడు వందలకు పైగా పట్టేంత సన్నవి. మనమందరం రోజూ వందల కొద్దీ పీలుస్తాం. ఊపిరి గొట్టాల్లోని సన్నని నూగు వాటిని కఫంతో సహా పైకి నెట్టేస్తుంది. ఈ పిల్లల ఛాతీలో ఆ నూగు కదలలేదు. బీజం జిగటలో చిక్కుకుని మొలకెత్తుతుంది, పోగులు సాగుతుంది.

అయినా ఆ బూజు ఊపిరితిత్తి కండలోకి చొచ్చుకుపోదు. కఫంలోనే ఉండిపోతుంది. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఈ సంగతే. శరీరం కాస్త ఓర్చుకుంటే నష్టం ఎంతో తక్కువగా ఉండేది. కొందరి శరీరం ఓర్చుకోదు. ఐజీఈ అనే యాంటీబాడీని కుమ్మరిస్తుంది. మామూలుగా రక్తంలో వంద యూనిట్లు దాటని ఐజీఈ వెయ్యికి, కొందరిలో అనేక వేలకు చేరుతుంది. ఇస్నోఫిల్ కణాలు గుంపులుగా వచ్చి, బూజు మీద చల్లాల్సిన విషాన్ని గొట్టాల గోడల మీదే చల్లుతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. గోడలు సాగి వదులైపోతాయి, మళ్ళీ బిగుసుకోవు. దగ్గితే గోధుమరంగు గట్టి ముద్దలు పడతాయి. కొన్నిసార్లు ఆ ముద్దకు అది ఇరుక్కున్న గొట్టం ఆకారమే, కొమ్మలతో సహా, అచ్చుపడి ఉంటుంది.

బ్రిటన్ వైద్యులు 1952లో ఈ అలర్జీని ఉబ్బస రోగుల్లో గుర్తించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల్లోనూ ఉందని 1965లో తెలిసింది. ఎక్స్‌రేలో ఈ నెల ఒకచోట కనిపించిన నీడ వచ్చే నెల మాయమై ఇంకోచోట తేలడం వైద్యులు గమనించారు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 2015లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు తొమ్మిది మందికి ఈ అలర్జీ ఉందని తేలింది.

దీన్ని పట్టుకోవడం కష్టం. దగ్గు, పిల్లికూతలు, ఆయాసం, తగ్గే ఊపిరి కొలత, ఇవన్నీ పాత జబ్బులోనూ ఉన్నవే. మళ్ళీ బ్యాక్టీరియా చెలరేగిందనుకుని యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. వారాలు గడుస్తాయి. మన దేశంలో ఇంకో ఉచ్చు ఉంది. ఎక్స్‌రేలో నీడ కనబడగానే క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగిస్తారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అసలు ఇక్కడ లేదనే చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి ఎందరు పిల్లలు బలయ్యారో ఎవరూ లెక్క రాయలేదు.

ఈ అలర్జీయే అని తేలాక ఇచ్చే వైద్యమూ తేలిక కాదు. స్టెరాయిడ్ వేస్తే కొద్దిరోజుల్లోనే ఊపిరి తెరుచుకుంటుంది. కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ వల్ల క్లోమం ముందే దెబ్బతిన్న పిల్లవాడికి చక్కెర పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి, ఎదుగుదల కుంటుపడుతుంది. స్టెరాయిడ్ తగ్గించడానికి బూజు మందు ఇట్రాకొనజోల్ ఇస్తారు. ఈ పిల్లల పేగు దాన్ని ఒకరోజు పీల్చుకున్నట్టు ఇంకోరోజు పీల్చుకోదు. పైగా అది కొన్ని స్టెరాయిడ్లను ఒంట్లో పేరుకుపోయేలా చేస్తుంది. మందు ఆపగానే కొందరికి జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టిన ప్రతిసారీ ఊపిరితిత్తిలో ఇంకొంత భాగం పోతుంది.

జన్యులోపం వల్ల చెడిన ప్రోటీన్ పనిని సరిదిద్దే మందుల్లో మొదటిది 2012లో, మూడు మందుల కలయిక 2019లో అమెరికాలో అనుమతి పొందాయి. కఫం పలచబడి, కొన ఊపిరితో ఉన్నవాళ్ళు లేచి నడిచారు. మూడు మందుల కలయిక ధర అక్కడ ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైనే. అప్పటికే సాగిపోయిన గొట్టాలను ఆ మందు కూడా వెనక్కి తేలేదు.

తల్లిదండ్రులకూ, ఊళ్ళలో పిల్లలను చూసే వైద్యులకూ ఒక విన్నపం. పదేపదే నిమ్ముతో వస్తూ, బరువు పెరగక, ఒళ్ళు ఉప్పగా ఉండే బిడ్డకు చెమట పరీక్ష చేయించండి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలితే, ఆరేళ్ళు దాటాక ఏటా ఒకసారి ఐజీఈ చూడండి. యాంటీబయాటిక్స్‌కు లొంగని దగ్గు వస్తే ఆ ఏడాది గడువు కోసం కూడా ఆగకండి.